గాలిని అరెస్టు చేసిన పోలీసు

"రక్తమైతే ఈపాటికి నల్లబడాలి కదండీ ఇన్‌స్పెక్టరుగారూ?"

ఆరా పిన్ని తువ్వాలును రెండు వేళ్ళతో పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. బయట పేరుకున్న మంచు మీంచి వెలుతురు గదిలోకి కొడుతోంది. తువ్వాలు మీది మరకలు ఇటుక రంగులో, ఇప్పుడే అంటుకున్నట్టున్నాయి. అదే గదిలో, బల్లకాలి దగ్గర, ముసలాయన పడిపోయినచోట ఎండిన రక్తం మాత్రం తుప్పు రంగుకి తిరిగిపోయింది. రెండూ పొద్దుటివే. ఒకటి రంగు మారింది, ఇంకోటి మారలేదు.

"ల్యాబుకి పంపిస్తాం. రిపోర్టు వచ్చాక చూసుకుందాం," అన్నాడు ఇన్‌స్పెక్టరు, చేతితొడుగులైనా తియ్యకుండా.

"ఎప్పుడొస్తుంది రిపోర్టు?"

"ఎల్లుండి."

"ఈ అమ్మాయిని జిల్లా జైలుకి ఎప్పుడు పంపిస్తున్నారు?"

"సాయంత్రం బండికి."

"బాగుంది. ముందు జైలు, తర్వాత నేరం."

ఇన్‌స్పెక్టరు పళ్ళు నూరాడు. "చూడండి పిన్నిగారూ. మీరు బీమా కంపెనీలో పనిచేసినవారు. కాలిపోయిన కొట్లూ మునిగిపోయిన పడవలూ చూసుకోండి. మనిషి తల పగిలిన కేసు మా పని."

అందులో అబద్ధమేమీ లేదు. పిన్ని ఉద్యోగమంతా కాలిపోయిన ఇళ్ళ చుట్టూనే గడిచింది. ఇల్లు తనంతట తను అంటుకుందా, ఎవరైనా అంటించారా అని ఆరా తీసి తీసి, రిటైరయ్యాక కూడా ఆ జబ్బు వదలక, అదే పనిని సొంతంగా పెట్టుకుంది. ఊళ్ళోవాళ్ళు పెట్టిన పేరు ఆరా పిన్ని. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదోనని వేళాకోళం. మనిషి భారీ మనిషి. మోకాళ్ళు నొప్పులు. అయినా ఒక్కచోట నిలబడదు. ఏదన్నా లెక్క తేలనప్పుడు కోటు గుండీ తిప్పుతూ గది ఈ మూలనించి ఆ మూలకి తిరుగుతూనే ఉంటుంది. ఈ పొద్దుటినించి ఆ గుండీ ఇప్పటికే రెండు దారాలు తెంపుకుంది.

తిరగడానికి కారణముంది. పొద్దున పక్కింటావిడ ఏడుస్తూ వచ్చింది. ఆవిడ అన్నగారే ఫొటో మ్యూజియంలో పాత గాజుపలకల ఆలనాపాలనా చూసే ముసలాయన. ఊరంతా ప్లేట్ల తాత అంటారు. ఆ అన్నగారు తల పగిలి ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. కొట్టింది కోడలేనని పోలీసులు ఆ పిల్లని పట్టుకున్నారు. "కొడుకు పోయాక వాళ్ళిద్దరికీ ఒకరికొకరే దిక్కు. మా అన్నయ్య కళ్ళు తెరిచేసరికి కోడలు పక్కన లేకపోతే బతకడు పిన్నీ," అంది. పిన్ని కాఫీ సగంలో వదిలేసి బూట్లు వేసుకుంది.

దారిలో ఆసుపత్రిలో ఆగి, ముసలాయనకి మెలకువ వస్తే వెంటనే మ్యూజియానికి ఫోన్ చెయ్యమని నర్సుకి గట్టిగా చెప్పి మరీ వచ్చింది. ఆ ఫోను ఇంకా మోగలేదు.

"అమ్మాయితో పది నిమిషాలు మాట్లాడతాను. అదైనా చట్టం ఒప్పుకుంటుందా?"

"మాట్లాడుకోండి. మీరడిగితే ఆవిడేమీ కొత్త కథ చెప్పదు," అంటూ ఇన్‌స్పెక్టరు హాల్లోకి వెళ్ళాడు.

హాల్లో కుర్చీలు లాగుతున్న చప్పుడు. సాయంత్రం అక్కడ ప్రదర్శన మొదలవుతుంది. ఉత్తరపు కొసనున్న ఆ ప్రాంతంలో యాభై ఏళ్ళ కిందట ప్రభుత్వం తీయించిన ఫొటోలు. తొలి పోస్టాఫీసు, తొలి ఆసుపత్రి, మంచులో రోడ్డు వేస్తున్న కూలీలు, బడి, కచేరీ, ఊరి మీటింగులు. వాటన్నిటికంటే పెద్దగా గోడకి తగిలించింది ఇన్‌స్పెక్టరు తండ్రి పటం. కానిస్టేబులుగా చేరి ఆ ప్రాంతానికే పెద్ద పోలీసధికారి అయి కన్నుమూసిన మనిషి. కొత్త పోలీసు భవనానికి ఆయన పేరు పెడుతున్నట్టు ఈ సాయంత్రమే ప్రకటిస్తారు. అందుకే ఇన్‌స్పెక్టరు బూట్లు ఇవాళ రోజూకంటే ఎక్కువ మెరుస్తున్నాయి.

కోడలు స్టవ్వు పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ముప్ఫై దాటి ఉండదు. చేతులకి బేడీలు. అరచేతులు ఎర్రగా ఉన్నాయి.

"ఆ ఎరుపేంటమ్మా?"

"రంగండీ. రక్తం కాదని మొత్తుకున్నాను, వింటేనా?" అరచేతులు పైకి చూపించింది. "పాతకాలం ఫొటోగ్రాఫర్లు ఫొటోలో అక్కర్లేనిదాన్ని చెరిపెయ్యాలంటే గాజుపలక వెనక ఈ ఎర్రరంగు పూసేవాళ్ళు. రంగులోంచి వెలుతురు పోదు. కాగితం మీద ఆ చోటు తెల్లగా పడుతుంది. ఇంకెక్కడైనా అయితే తెల్లమచ్చ కనబడి దొరికిపోతారు. ఇక్కడంతా మంచే కదండీ. మంచులో మంచు కలిసిపోతుంది."

పిన్ని నడక ఆపింది. "ఏ ఫొటోలో?"

"పోలీసు ఫొటోలో."

ఏ పోలీసు ఫొటో అని అడగక్కర్లేదు. ఆ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఏటి ఒడ్డునున్న పాత ఊరిని ప్రభుత్వం ఖాళీ చేయించి, జనాన్ని తెచ్చి ఇక్కడ పెట్టింది. ఊరు వదలడానికి ఒప్పుకుంటున్నామని జనం మంచులో నిలబడి సంతకాలు పెట్టిన రోజు తీసిన ఫొటో అది. బల్ల, బల్ల వెనక అధికారులు, వరసగా ఊరివాళ్ళు. అందరివీ తెల్లటి గొర్రెతోలు కోట్లు. బల్లకేసి చూస్తున్న వాళ్ళ వీపుల వెనక, నాలుగడుగుల ఎడంగా, బూడిదరంగు కోటులో ఒక కుర్ర కానిస్టేబులు. కుడిచెయ్యి పక్కకి చాపి పిడికిలి బిగించి ఉంటాడు. ఆ పిడికిట్లో ఏమీ ఉండదు. పక్కన ఎవరూ ఉండరు. గాలిని అరెస్టు చేసిన పోలీసని జనం తరాలుగా నవ్వుకుంటున్నారు. ఆ కానిస్టేబులే ఇన్‌స్పెక్టరు తండ్రి. ఆ వేళాకోళం ఇన్‌స్పెక్టరు చెవిన పడితే ఆ పూట స్టేషన్లో ఎవరికీ మంచినీళ్ళు కూడా పుట్టవు.

"ప్రదర్శనకి పెద్ద సైజులో వెయ్యాలని మామయ్య నిన్న ఆ ప్లేటు బయటికి తీశాడు," అంది కోడలు. "వెనక రంగు పెచ్చులు లేస్తోంది. తడి దూదితో తుడిచాడు. కొంచెం తుడిచేసరికి కింద కోటు కనబడిందట. పొద్దున మొత్తం కడిగేశాడు. ఎర్ర దూదంతా ఎత్తి పారేసింది నేనే. చేతులు ఆ తువ్వాలుకే తుడుచుకున్నాను."

"ఎవరున్నారు రంగు కింద?"

"నేను చూడలేదండీ." తల దించుకుంది. "చూడనన్నాను. చూస్తే నేనూ నోరు మూసుకోలేనని భయమేసింది. ఈ ఒక్కపూట ఊరుకో మామయ్యా, రేపు చెబుదువుగాని, ఇవాళ గొడవైతే మన ఇద్దరి ఉద్యోగాలూ పోతాయని అరిచాను. కిటికీ తీసి ఉంది. వీధిలో అందరూ విన్నారు."

"ఆయనేమన్నాడు?"

"అరవలేదు. మామయ్య ఎప్పుడూ అరవడు. 'నలుగురి ముందూ ఒక్కసారిగా బయటపడితే ఆ ఇంటివాళ్ళ పరువేం కావాలి? ముందు వాళ్ళకి చెప్పాలి, అది మర్యాద' అన్నాడు. వరండాలోకెళ్ళి ఎవరికో ఫోన్ చేశాడు. నేను విసురుగా బొగ్గులు తేవడానికి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి..." మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "చివరికి ఆయనతో నేను మాట్లాడిన మాట తిట్టే పిన్నిగారూ."

 ఓదార్చడం పిన్నికి చేతకాదు. జేబురుమాలు తీసి ఆ పిల్ల ఒళ్ళో పడేసి, మళ్ళీ నడవడం మొదలుపెట్టింది.

ఆ ఇంటివాళ్ళు. ఏ ఇంటివాళ్ళు? చెరిపేసిన మనిషి ఎవరో తెలిస్తే కదా ఆయనకి ఇల్లెక్కడో తెలిసేది!

తలుపు తోసుకుని మ్యూజియం అధికారి వచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు, అంత చలిలో. "అమ్మా, నాకు ఒక్క దారి చూపించండి. అతిథులొచ్చే వేళవుతోంది. గోడ మధ్యలో పోలీసు ఫొటో ఉండాల్సిన ఫ్రేము ఖాళీగా వెక్కిరిస్తోంది. అందరూ ముందు దాన్నే అడుగుతారు."

"పొద్దున మీరెక్కడున్నారు?"

"హాల్లోనే. కుర్చీలవాళ్ళు సగం కుర్చీలు తెచ్చి మిగతావి రేపంటారు, వాళ్ళతో పోట్లాట. ఈ అమ్మాయి కేకలు విని పరిగెత్తుకొచ్చాను. వెంటనే పోలీసులకి ఫోన్ చేశాను. నిజం చెప్పాలి, మన పోలీసుల్ని ఎప్పుడూ తిట్టుకుంటాంగానీ, నేను ఫోను పెట్టెయ్యకముందే ఇన్‌స్పెక్టరుగారు వెనక గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. ఇటే వెళ్తున్నారట."

"వెనక గుమ్మంలోనా?"

"అవును. ఎందుకమ్మా?"

"ఏం లేదు. మా ఇంట్లో దొంగలు పడితే మర్నాడొచ్చారు. అదృష్టవంతులు మీరు."

ఇన్‌స్పెక్టరు తిరిగొచ్చాడు. చేతిలో బేడీల తాళం ఆడిస్తున్నాడు. "అయిందా ఇంటర్వ్యూ?"

"అయింది. ఈ అమ్మాయి కొట్టలేదు," అంది పిన్ని. "ముసలాయన పోలీసు ఫొటోలో ఒక మనిషిని కనిపెట్టాడు. ఆ మనిషి బయటపడటం ఎవరికో ఇష్టం లేదు. మీ దగ్గరున్నది రంగు మరక, ఒక పొద్దుటి తగాదా. ఈ రెండింటితో ఏ జడ్జీ..."

"మా నాన్నగారి ఫొటో గురించి నాకు పాఠాలు చెప్పకండి!" ఇన్‌స్పెక్టరు గొంతు ఒక్కసారిగా లేచింది. మ్యూజియం అధికారి ఉలిక్కిపడి గోడకి అంటుకున్నాడు. "ఎప్పుడో యాభై ఏళ్ళనాటి ముచ్చట. ఎవడో డాక్టరు నిలబడ్డాడు, ఫొటోకి బాగాలేడని తీసేశారు. దానికోసం ఎవరన్నా తలలు పగలగొడతారా? ఇది ఇంటి గొడవ. ఈవిడ ఆ ప్లేటు పగలగొట్టింది, అడ్డొచ్చిన ముసలాయన్ని తోసింది. ఆ ముక్కలే సాక్ష్యం." బల్ల మీది ట్రే చూపించాడు. అందులో గాజు పెంకులు. "వాటిని ముట్టుకున్నారంటే మిమ్మల్ని కూడా అదే బండెక్కిస్తాను."

"చేతులు వెనక్కి కట్టుకుంటాను. చూడ్డానికి పన్నుందా?"

హాల్లోంచి ఎవరో ఇన్‌స్పెక్టరుని పిలిచారు. పటానికి పూలదండ ఎంత పొడవుండాలో ఆయనే చెప్పాలట. ఇన్‌స్పెక్టరు గిరుక్కున తిరిగి వెళ్ళాడు. ఆయన వెనకే అధికారి.

 ఇన్‌స్పెక్టరు అన్నదాంట్లో ఒక మాట పిన్నికి చెప్పులో రాయిలా గుచ్చుకుంటోంది. ఏ మాటో తెలియడం లేదు. గుండీ తిప్పింది. గుండీ ఊడి చేతికొచ్చింది. విసుక్కుని జేబులో వేసుకుంది.

ట్రే ఉన్నది మామూలు బల్ల మీద కాదు. ప్లేట్లు చూసుకునే బల్ల అది, పైన పాలగాజు, కింద దీపం. పిన్ని చేతులు వెనక్కి కట్టుకునే, మోకాలితో స్విచ్చి నొక్కింది. ట్రే కూడా గాజుదే. పెంకుల్లోంచి వెలుతురు లేచింది.

గాజులో అంతా తిరగబడి ఉంది. ఆకాశం నలుపు, నేల నలుపు, మొహాలు నలుపు. పిన్ని కళ్ళు చికిలించింది. పెద్ద పెంకులో వరసగా మనుషులు. కానీ పొట్టిగా ఉన్నారు. వెనక ఒక వాకిలి. వాకిలి పక్కన పొడుగాటి మనిషి ఒకడు, మోకాళ్ళదాకా తెల్లకోటు. నల్లటి గుంపులో ఆ తెలుపు కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

"అమ్మాయ్. ఇలా రా. ఇది మీటింగేనా?"

కోడలు బేడీల చేతులతోనే వంగి చూసింది. "కాదండీ! ఇది బడి ఫొటో. వీళ్ళు పిల్లలు. ఇది నిన్ననే కడిగి ఆరబెట్టాం." ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయ్యో, ఇదెందుకు పగిలింది? ఇది మామయ్య ప్రాణం. ఈ ముందు వరసలో రెండోవాడు మామయ్యే. ఈయన నల్లకోటు మాస్టారు."

"నల్లకోటేంటి? తెల్లగా ఉంటేనూ?"

"గాజులో తెలుపైతే కాగితం మీద నలుపండీ. అందరూ గొర్రెతోలు కోట్లు వేసుకునే ఊళ్ళో ఆయనొక్కడే నల్లకోటు వేసేవాడట. మామయ్య ఆయన గురించి చెప్పని రోజు లేదు. ఊరు వదలొద్దని జనాన్ని నిలబెట్టింది ఆయనే. మీటింగుకి రెండ్రోజుల ముందు ఎవరికీ చెప్పకుండా, గడ్డకట్టిన ఏరు దాటి వెళ్ళిపోయాడన్నారు. ఏటిలో పడి పోయుంటాడన్నారు. మాస్టారే మనల్ని వదిలేసి పారిపోయాడని మనసు విరిగి జనం సంతకాలు పెట్టేశారట. మామయ్య మాత్రం, మా మాస్టారు చెప్పకుండా వెళ్ళే మనిషి కాడని ఇప్పటికీ అంటాడు."

"వెళ్ళిపోయాడని చెప్పిందెవరు?"

"వెళ్తుంటే కళ్ళారా చూశానని పెద్ద కోర్టులో ప్రమాణం చేసి చెప్పింది పోలీసాయనే. ఇన్‌స్పెక్టరుగారి నాన్నగారు."

పిన్ని దీపం ఆర్పేసింది. కాలు కాలిన పిల్లిలా గది చుట్టూ రెండు చుట్లు తిరిగింది. వచ్చినవాడు ఎవడైతేనేం, వాడికి ప్లేట్ల సంగతి తెలియదు. ముసలాయన చూపించిన ప్లేటు పగలగొట్టాలనుకుని, కంగారులో ఇంకో ప్లేటు పగలగొట్టి పోయాడు. మరి అసలుది?

"కడిగిన ప్లేటు మీ మామయ్య ఎక్కడ పెడతాడు?"

"ఇంకెక్కడ పెడతాడండీ? ఆరాలిగా."

గోడవారగా చెక్క స్టాండు ఉంది. పళ్ళాలు నిలబెట్టినట్టు అందులో గాజుపలకలు వరసగా నిలబడి ఉన్నాయి. పొద్దుటినించి ఇన్‌స్పెక్టరు దాని పక్కనే పదిసార్లు తిరిగాడు. పిన్ని కూడా తిరిగింది. కోడలు ఒక్కొక్కటే వంగి చూసి, చివరినుంచి రెండోదాని అంచు పట్టుకుని పైకి తీసింది. గాజు వెనకవైపు ఒక మూల ఇంకా కొంచెం ఎర్రరంగు మిగిలి ఉంది.

పిన్ని దాన్ని అందుకుని శాలువాలో చుట్టేసింది. ఆ పని చట్టానికి విరుద్ధమని తెలుసు. ఇన్‌స్పెక్టరుకి చెప్పాలని కూడా తెలుసు. కానీ పొద్దుటినించి ఆయనన్న మాటలకి ఒళ్ళు మండుతోంది. చెబితే ట్రేలో పెట్టి ముట్టుకోవద్దంటాడు, ఈలోగా బండి వెళ్ళిపోతుంది. ముందు బొమ్మ కళ్ళతో చూడాలి.

హాల్లోకెళ్ళి మ్యూజియం అధికారి చెవిలో ఊదింది. "మీ ఖాళీ ఫ్రేము నిండాలంటే ఒక్కటే దారి. ఆ అమ్మాయి చేతులు అరగంట ఖాళీ చేయించండి. పాత కాగితం ఫొటో ఒకటుందట, దానికి నకలు తీస్తుంది."

అధికారి వెళ్ళి ఇన్‌స్పెక్టరు ముందు దాదాపు కాళ్ళమీద పడ్డాడు. ఇన్‌స్పెక్టరు నవ్వాడు. మొదటిసారి నవ్వడం. "పాత ఫొటోకి నకలేగా? తీసుకోమనండి. మా నాన్నగారి ఫొటో లేకుండా ప్రదర్శనేంటి? నేను బయటే కూర్చుంటాను." బేడీలు విప్పి, వరండాలో ఫోను పక్కన కుర్చీ వేయించుకున్నాడు.

డార్క్‌రూము అంటే వరండా చివర చిన్న గది. ఉన్న ఒక్క కిటికీకి నల్లగుడ్డ మేకులతో కొట్టి ఉంది. కోడలు తలుపు వేసి ఎర్రదీపం వెలిగించింది. ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి. మందునీళ్ళ ఘాటుకి పిన్నికి తుమ్మొచ్చింది, ముక్కు గట్టిగా పట్టుకుంది.

 పనిలో పడేసరికి ఆ పిల్ల ఏడుపు మరిచిపోయింది. ప్లేటుని కాగితం మీద పెట్టి, క్షణంపాటు తెల్లదీపం వేసి ఆర్పింది. కాగితాన్ని ట్రేలో మందునీళ్ళలోకి జార్చి, ట్రేని మెల్లగా ఊపడం మొదలుపెట్టింది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"చూస్తూ ఉండాలండీ. ముందు నల్లవన్నీ వస్తాయి."

కాగితం తెల్లగానే ఉంది. పిన్ని కాళ్ళు మార్చి మార్చి నిలబడింది. ఇంత చిన్న గదిలో నడవడానికి చోటులేక ప్రాణం విలవిల్లాడుతోంది. కాగితం మధ్యలో ఒక మసక మచ్చ లేచింది. మచ్చ పొడుగైంది. అన్నిటికంటే ముందు వచ్చింది అదే. నల్లకోటు.

తర్వాత బల్ల వచ్చింది. అధికారుల టోపీలు వచ్చాయి. గొర్రెతోలు కోట్ల వరస బూడిదలా మెల్లగా లేచింది. వాళ్ళ వెనక కుర్ర కానిస్టేబులు, చాపిన చెయ్యి, బిగించిన పిడికిలి. యాభై ఏళ్ళుగా ఊరంతా నవ్వుకున్న పిడికిలి. అందులో నల్లకోటు చెయ్యి నలిగి ఉంది. కోటు మనిషి పెదవి చిట్లి, నిటారుగా నిలబడి, సూటిగా చూస్తున్నాడు.

కోడలు ట్రే ఊపడం మరిచిపోయింది. "మాస్టారు," అంది. "పిన్నిగారూ, ఈయన వెళ్ళలేదు. మీటింగు రోజు ఇక్కడే ఉన్నాడు. జనం వెనక, జనానికి తెలియకుండా వాళ్ళే పట్టుకుని ఉంచారు." ఏడుస్తోంది, ఏడుస్తూనే నవ్వుతోంది. "మామయ్యకి చెప్పాలి. మీ మాస్టారు పారిపోలేదు మామయ్యా అని చెప్పాలి."

"మీ మామయ్యకి తెలుసమ్మా. ఆయనే కదా కడిగింది."

అన్నాక పిన్ని చెయ్యి ఊడిన గుండీ కోసం జేబులోకి పోయింది. చెప్పులో రాయి చేతికి దొరికింది.

డాక్టరు.

ఎవడో డాక్టరు నిలబడ్డాడు, అన్నాడు ఇన్‌స్పెక్టరు. తను చెప్పింది మనిషనే. కోడలు ప్లేటు చూడనేలేదు. రంగు కింద ఎవరున్నారో ముసలాయనకి తప్ప ఎవరికీ తెలియదు. డాక్టరని అనాలంటే వాడు తెల్లకోటు చూసుండాలి. ఈ మనిషి కోటు తెల్లగా కనబడేది ప్రపంచంలో ఒక్కచోటే. కడిగిన గాజుపలకలో.

మర్యాదస్తుడు ముసలాయన. నలుగురి ముందూ పరువు పోకుండా ముందే చెప్పాలనుకున్నది మాస్టారి ఇంటివాళ్ళకి కాదు, పోలీసు ఇంటివాళ్ళకి. ఆయన ఫోన్ చేసి పిలిచింది ఇన్‌స్పెక్టరునే. ప్లేటు చూపించింది ఇన్‌స్పెక్టరుకే. ఈ ఒక్కపూటకి దాచమని ఆయన అడిగి ఉంటాడు. మాస్టారి కోసం యాభై ఏళ్ళు ఎదురుచూసిన శిష్యుడు దాచననుంటాడు. ముసలాయన్ని తోసేసి, స్టాండులో తెల్లకోటు మనిషి ఉన్న ప్లేటేదా అని వెతికి, మాస్టారు అందులోనూ ఉండటంతో పొరపాటున బడి ప్లేటు పగలగొట్టి, వెనక గుమ్మంలోంచి బయటికి పోయి, ఈ పిల్ల కేక వెయ్యగానే అదే గుమ్మంలోంచి పోలీసుగా లోపలికొచ్చాడు.

ఆ మనిషే ఇప్పుడు తలుపవతల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"చప్పుడు చెయ్యకు," అని పిన్ని కోడలి నోటికి చెయ్యి అడ్డంపెట్టింది.

అప్పుడు వరండాలో ఫోను మోగింది.

రెండోసారి మోగలేదు. ఇన్‌స్పెక్టరు గొంతు తలుపులోంచి స్పష్టంగా వినబడింది. "ఆఁ, మ్యూజియమే... నేను ఇన్‌స్పెక్టరుని. ఆవిడ పనిలో ఉన్నారు, నాకు చెప్పండి... ఓహో. కళ్ళు తెరిచారా?... ఏమన్నా మాట్లాడారా?... మంచిది. ఎవర్నీ గదిలోకి రానివ్వకండి. మీరు కూడా కదిలించకండి. వాంగ్మూలం నేనే ఒంటరిగా తీసుకోవాలి. బయల్దేరుతున్నాను."

రిసీవరు పెట్టిన చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు. మెరిసే బూట్లు తలుపు దగ్గరికొచ్చి ఆగాయి.

"ఎంతవరకు వచ్చింది ఫొటో?"

"ఇంకా తెల్లగానే ఉందండీ!" అంది పిన్ని, గొంతులోకి వీలైనంత విసుగు తెచ్చుకుని. "తలుపు తియ్యకండి, కాగితం పాడైపోతుంది!"

"తియ్యను. నింపాదిగా చేసుకోండి." గొళ్ళెం పడింది, బయటివైపు. "నిందితురాలు లోపలుంది కదా, జాగ్రత్త కోసం గొళ్ళెం పెడుతున్నాను. అమ్మాయ్, మీ మామయ్యకి మెలకువ వచ్చిందట. నువ్వేం దిగులుపడకు. నేను చూసుకుంటాలే."

బూట్ల చప్పుడు దూరమైంది.

పిన్ని భుజంతో తలుపుని తోసింది. కదల్లేదు. కేక వేసింది. హాల్లో మైకు పరీక్షిస్తున్న హోరులో ఆ కేక ఆవిడకే సరిగా వినబడలేదు. వెనక్కి తిరిగేసరికి కోడలు స్టూలెక్కి కిటికీ నల్లగుడ్డ పట్టుకుని ఉంది.

"ఆగు. నువ్వు బయటికి దూకావంటే కస్టడీలోంచి పారిపోయిన ఖైదీవి. కనబడితే కాల్చేసినా ఆయన్ని అడిగేవాడుండడు. ఆయనకి కావలసిందీ అదే. నేను దూకుతాను."

కోడలు కిటికీ వంక చూసింది. పిన్ని వంక చూసింది. అది పిన్ని పట్టే కిటికీ కాదని ఇద్దరికీ తెలుసు.

"అక్కడ మామయ్య ఒక్కడే ఉన్నాడు పిన్నిగారూ," అంది.

 పిన్నికి వద్దనాలనే ఉంది. కానీ శాలువా తీసి ఆ పిల్ల భుజాల చుట్టూ కప్పింది. ప్లేటుని తన కోటు లోపల గుండెకి ఆనించుకుంది. "జీపు రోడ్డు చుట్టూ తిరిగి పోవాలి. నువ్వు బడి వెనకనుంచి అడ్డంగా పరిగెత్తు. ఆయన గదిలోకి పోయి లోపల గడియ వేసుకో. నేను వచ్చి పిలిచేదాకా ఎవరొచ్చినా తియ్యకు."

కోడలు తలూపి, గుడ్డని ఒక్క గుంజు గుంజింది. మేకులు ఊడొచ్చాయి. పగటి వెలుతురు గదిలోకి విరుచుకుపడింది. ట్రేలో కాగితం చూస్తూండగానే నల్లబడింది. ముందు మంచు పోయింది, తర్వాత బల్ల, తర్వాత మొహాలు. మాస్టారు రెండోసారి చెరిగిపోయాడు.

పిన్ని తలెత్తేసరికి కిటికీ ఖాళీగా ఉంది. వీధిలో జీపు స్టార్టయింది.